సెలవుల ప్రయాణంలో ఆరోగ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రయాణం అనుకోగానే చాలామందికి భయమేసేది పేరు తెలియని రోగాలంటే. తీరా ట్రిప్‌ను పాడుచేసేవి మామూలు విషయాలే: కడుపు పాడవడం, నిద్ర చాలకపోవడం, ఎండ దెబ్బ, ఇంట్లో మర్చిపోయిన మాత్రలు. వీటిలో చాలావాటి వెనక ఉండేది తొందరే. ఉన్న నాలుగు రోజుల్లో అన్నీ చూసేయాలని ఒంటిని పరిగెత్తిస్తాం, అది ఎక్కడో ఒకచోట మొరాయిస్తుంది. కింది జవాబుల్లో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది.

బయల్దేరే ముందు డాక్టరును కలవాలా? ఎన్నాళ్ల ముందు?

అలవాటైన వాతావరణంలోనే కొన్నాళ్లు తిరిగి వచ్చేస్తుంటే, పాత జబ్బులేవీ లేకపోతే, అక్కర్లేదు. కొత్త దేశానికో, మలేరియా ఉన్న చోటికో, బాగా ఎత్తైన కొండల మీదికో వెళ్తుంటే మాత్రం నాలుగు నుంచి ఆరు వారాల ముందే కలవండి. కొన్ని టీకాలు ఒక్క డోసుతో అయిపోవు. వేయించుకున్నాక కూడా అవి పనిచేయడానికి కొంత వ్యవధి కావాలి. కొన్ని దేశాలు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ చూపిస్తేనే లోపలికి రానిస్తాయి. అది టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే చెల్లుతుంది. 2016 జులై నుంచి ఆ సర్టిఫికెట్‌కు గడువంటూ లేదు, జీవితాంతం పనికొస్తుంది. కాబట్టి ఎప్పుడో వేయించుకున్న కాగితం ఉంటే పారేయకండి. మలేరియా రాకుండా వాడే మాత్రల్లో కొన్నిటిని రెండు వారాల ముందే మొదలుపెట్టాలి, కొన్నిటికి ఒకటి రెండు రోజుల ముందు చాలు.

వారం రోజులే మిగిలినా సరే, వెళ్లండి. ఏదో ఒకటి చేయడానికి వీలుంటుంది. డాక్టరుకు దేశం పేరొక్కటే చెబితే సరిపోదు. నగరంలోనే ఉంటారా, అడవిలో పడుకుంటారా, అక్కడ వానాకాలమా, మీరు రోజూ వాడే మందులేమిటి, గర్భం ఉందా, ఇవన్నీ తెలిస్తేనే ఆయన సరిగ్గా చెప్పగలరు. పుచ్చిపన్ను ఉంటే దాని సంగతీ ఇక్కడే తేల్చుకోండి. విమానంలో గాలి ఒత్తిడి మారినప్పుడు అది సలపడం మొదలుపెడితే చేయగలిగిందేమీ ఉండదు.

మందుల సంచిలో ఏమేం ఉండాలి?

ముందు మీరు రోజూ వేసుకునేవి. వెళ్లే రోజుల లెక్కకు మరో నాలుగైదు రోజులవి కలిపి, చేతిసంచిలోనే పెట్టుకోండి. పెద్ద సూట్‌కేసులో పెడితే, అది దారితప్పిన రోజున మందులూ దానితోపాటే పోతాయి.

బరువు తగ్గుతుందని చాలామంది మాత్రల షీట్‌ను కత్తెరతో ముక్కలు చేసి చిన్న డబ్బాలో వేస్తారు. అప్పుడు పేరు ఒక ముక్క మీద, గడువు తేదీ ఇంకో ముక్క మీద, మిగతా ముక్కల మీద ఏమీ ఉండదు. రాత్రి రెండింటికి వాంతులవుతుంటే ఆ తెల్లమాత్ర జ్వరానిదా, ఎలర్జీదా అని ఫోన్ లైటులో చూస్తూ కూర్చోవాలి. షీట్ మొత్తం తీసుకెళ్లండి. డాక్టరు చీటీ మీద బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించుకోండి, బ్రాండ్లు దేశదేశానికీ మారిపోతాయి. చీటీని ఫొటో తీసి ఫోనులో ఉంచుకోండి.

మిగతావి తక్కువే: పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఎలర్జీ మాత్ర, ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునే మాత్ర, థర్మామీటరు, ముల్లు తీసే పట్టకారు, బ్యాండేజీలు, పుండ్లు కడిగే మందు.

ఇంకో సంగతి. ఒకచోట మామూలుగా దొరికే మందు మరోచోట నేరం కావచ్చు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ మోతాదు మించితే జపాన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. నిద్రమాత్రలు, గట్టి నొప్పి మాత్రలు, మానసిక ఆరోగ్యానికి వాడే మందులు ఉంటే వెళ్లే దేశపు రాయబార కార్యాలయం వెబ్‌సైట్ ముందే చూసుకోండి.

షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటాను. ఏం చూసుకోవాలి?

ఇన్సులిన్‌ను విమానం అడుగున వెళ్లే లగేజీలో పెట్టకండి, అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. తెరవని వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్న పెన్ను మామూలు గది వేడిలో దాదాపు నాలుగు వారాలు ఉంటుంది, రకాన్ని బట్టి కొంత తేడా. ఎండలో నిలిపిన కారులో మాత్రం వదిలేయకండి.

తూర్పు దిక్కుగా వెళ్తే మీ రోజు పొట్టిదవుతుంది, పడమరకు వెళ్తే పొడుగవుతుంది. దాన్నిబట్టి మోతాదు మారుతుంది. ఏ గంటకు ఎంత అన్నది మీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి, ఊహించి సర్దుకోవద్దు. రోజంతా నడిచే సెలవుల్లో షుగర్ పడిపోవడం మామూలే. వెంటనే తినడానికి తీపి జేబులో ఉండాలి, సంచిలో కాదు.

గంటల తరబడి కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుందట, నిజమేనా?

నిజమే, కానీ అందరూ భయపడాల్సినంత కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుంది. అయినా అది సుమారు ఆరువేల మందిలో ఒకరికి. విమానమే కాదు, బస్సు, రైలు, కారు, ఏదైనా ఒకటే. అసలు సమస్య కదలకపోవడం. పిక్కల కండరాలు కదిలితేనే కాళ్లలోని రక్తం పైకి తోసుకెళ్తుంది. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. లేవలేకపోతే మడమలు నేలకు ఆనించి వేళ్లు పైకి, వేళ్లు ఆనించి మడమలు పైకి ఆడించండి.

ముందు ఎప్పుడైనా గడ్డకట్టిన వాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడిగి బిగుతు మేజోళ్లు వేసుకోవడం మంచిది. రెండు కాళ్లూ కాస్త ఉబ్బితే కంగారు అక్కర్లేదు. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే ఆలస్యం చేయకండి. ఇది దిగిన రోజే కాదు, కొన్ని వారాల తర్వాత కూడా బయటపడవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే అది ఎమర్జెన్సీ.

విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి. పాప అయితే గుక్కపెట్టి ఏడుస్తుంది.

మింగడం, ఆవులించడం, ముక్కు మూసుకుని నెమ్మదిగా గాలి ఊదడం. ఈ మూడింటిలో ఏదో ఒకటి పనిచేస్తుంది. పసిపిల్లలకు విమానం కిందికి దిగడం మొదలైనప్పుడు పాలు పట్టండి. అప్పుడు నిద్రపోతుంటే లేపేయడమే మేలు, నిద్రలో మింగడం తగ్గిపోతుంది.

జెట్‌లాగ్‌కు, అంటే దూరదేశానికి వెళ్లాక నిద్రవేళలు తారుమారు కావడానికి, మందుందా?

వెలుతురే మందు. మన ఒంట్లోని గడియారం సహజంగా 24 గంటల కంటే కాస్త ఎక్కువగా నడుస్తుంది. అందుకే ఆలస్యంగా పడుకోవడం తేలిక, ముందే పడుకోవడం కష్టం. పడమరకు వెళ్లినప్పటి కంటే తూర్పుకు వెళ్లినప్పుడు అవస్థ ఎక్కువ కావడానికి కారణం ఇదే. గంట తేడాకు సుమారు ఒక రోజు చొప్పున సర్దుకుంటుందని లెక్క వేసుకోండి. తూర్పుకు వెళ్తే పొద్దుటి వెలుతురులో, పడమరకు వెళ్తే సాయంత్రపు వెలుతురులో బయట తిరగండి. పగలు నిద్ర ముంచుకొస్తే అరగంటకు మించి పడుకోకండి. నిద్రవేళను ఒంటికి తెలిపే హార్మోను, మెలటోనిన్, మాత్రగా కొందరికి సాయం చేస్తుంది కానీ తప్పుడు వేళకు వేసుకుంటే గడియారం ఇంకా అటూ ఇటూ అవుతుంది.

దిగిన రోజే ఉదయం ఆరింటికి టూర్ బుక్ చేయడం మాత్రం మీరు చేతులారా చేసుకునేదే. మొదటి రోజు ఖాళీగా ఉంచండి. డబ్బు దండగ అనిపిస్తుంది, కానీ మూడో రోజు జ్వరంతో గదిలో పడుకోవడం కంటే నయం.

మలుపుల దారిలో కడుపులో తిప్పుతుంది. ఏం చేయాలి?

లోపలి చెవి కదులుతున్నామంటుంది, చేతిలోని ఫోను చూస్తున్న కళ్లు కదలడం లేదంటాయి. ఈ తగాదాకు వచ్చే ఫలితమే వాంతి. ముందు సీట్లో కూర్చుని దూరంగా దారినే చూడండి. పడవలో మధ్యభాగం, విమానంలో రెక్కల దగ్గరి సీట్లు తక్కువ ఊగుతాయి. ఫోను, పుస్తకం పక్కన పెట్టేయండి. కడుపు ఖాళీగానూ వద్దు, నిండుగానూ వద్దు. మాత్ర వేసుకునేట్టయితే బయల్దేరడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అదీ వాంతితో పాటే బయటికొస్తుంది. వీటిలో చాలావాటికి నిద్రమత్తు ఉంటుంది, బండి నడిపేవాళ్లు తీసుకోకూడదు.

బయటి తిండి, నీళ్లు ఎంతవరకు నమ్మొచ్చు?

హోటల్ ఎంత పెద్దదని కాదు, వంటకం ఎంత వేడిగా ఉందని చూడండి. కళ్ల ముందు పొయ్యి మీంచి దించి పెట్టిన చిన్న బండి దగ్గరి తిండి, పొద్దున్నుంచీ బల్ల మీద పరిచి ఉన్న ఖరీదైన బఫే కంటే చాలాసార్లు మేలు. సూక్ష్మజీవులు 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేగంగా పెరుగుతాయి. బఫే గిన్నె మూత తీస్తే ఆవిరి రావాలి. ఆవిరి లేదు, అంచుల్లో ఎండిపోయి పొరలా కట్టింది, గరిటె లోపలే మునిగి ఉందంటే పక్కకు జరగండి. జనం వచ్చి పోతూ ఉండే చోట తినడంలో ఒక లాభం ఉంది, గిన్నెలు త్వరత్వరగా ఖాళీ అవుతుంటాయి.

ముందే కోసి పెట్టిన పళ్లు, పచ్చి ఆకుకూరల సలాడ్లు, సగం ఉడికిన మాంసం, కాచని పాలు, నీళ్ల మీద నమ్మకం లేని చోట అన్నీ అనుమానించాల్సినవే. మీరే కడిగి, మీరే తొక్క తీసుకున్న పండుకు భయం లేదు.

నీళ్ల విషయంలో జనం బాటిల్ కొనుక్కుని నిశ్చింతగా ఉంటారు, పక్కనే గ్లాసులో ఐసుముక్కలు వేయించుకుంటారు. గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు. పళ్లు తోముకునే నీళ్లూ లెక్కలోకి వస్తాయి. కాచుకునే వీలుంటే నీళ్లు బాగా మరిగాక ఒక నిమిషం ఉంచితే చాలు. రెండువేల మీటర్ల పైన నీరు తక్కువ వేడికే మరుగుతుంది కనుక మూడు నిమిషాలు ఉంచండి. బాటిల్ కొంటే మూత సీల్ మీ చేత్తోనే తెరవండి.

చేతులు సబ్బుతో ఇరవై సెకన్లు కడగడం శానిటైజర్ కంటే ఎప్పుడూ మెరుగు. ఓడల్లో, హోటళ్లలో ఒకేసారి ఎంతోమందికి వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ సరిగా పనిచేయదు.

అన్నీ పాటించినా విరేచనాలు పట్టుకున్నాయి. ఇప్పుడేం చేయాలి?

పాటించినా పట్టుకుంటాయి, ప్రయాణికులకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఇదే. చాలాసార్లు దీనికి కారణం ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా. ఎక్కువమందికి కొన్ని రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. మీ పనల్లా పోయిన నీటిని, ఉప్పును తిరిగి నింపడం.

ఉత్త నీళ్లు ఎందుకు చాలవంటే, పేగు గోడలో గ్లూకోజు, సోడియం జతగా లోపలికి వెళ్లే దారులున్నాయి. ఆ రెండూ వెళ్తే వాటి వెంట నీరూ వెళ్తుంది. విరేచనాలప్పుడు కూడా ఈ దారి పనిచేస్తూనే ఉంటుంది. ఓఆర్‌ఎస్ కిటుకంతా అదే. అందుకే కొలత ముఖ్యం. పొట్లం మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని నీళ్లలో పొట్లం మొత్తం ఒకేసారి కలపండి. సగం ఇప్పుడు, సగం తర్వాత అనుకుని గ్లాసులో అందాజాగా వేస్తే ఉప్పు ఎక్కువై అసలుకే మోసం వస్తుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. పొట్లం దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చిన్నచెంచాల పంచదార, అర చిన్నచెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపండి. కూల్‌డ్రింకుల్లో తీపి మరీ ఎక్కువ, అవి విరేచనాలను పెంచుతాయి.

వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టండి. తిండి మానేయక్కర్లేదు, ఏది సయిస్తే అది తినండి.

లోపెరమైడ్ మాత్ర విరేచనాలను ఆపుతుంది. తప్పనిసరిగా బస్సెక్కాల్సిన పెద్దవాళ్లకు అది ఉపయోగమే. మలంలో రక్తం కనిపించినా, గట్టి జ్వరం ఉన్నా వేసుకోకూడదు, చిన్నపిల్లలకు ఇవ్వనే కూడదు. రక్తం, జ్వరం, తాగిన నీళ్లు కూడా నిలవకపోవడం, ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోవడం, పిల్లలు మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్స్ వేసుకోవచ్చా?

వద్దు. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప.

దోమల నుంచి ఎలా తప్పించుకోవాలి?

డెంగీ తెచ్చే ఏడిస్ దోమ పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం పూట. మలేరియా తెచ్చే ఎనాఫిలిస్ చీకటి పడ్డాక మొదలుపెడుతుంది. రాత్రి దోమతెర ఒక్కటే కట్టుకుంటే సగం పనే అయినట్టు. డీట్ 20 నుంచి 30 శాతం ఉన్న క్రీము గానీ, పికారిడిన్ ఉన్నది గానీ రాసుకోండి. రెండు నెలల లోపు పసిబిడ్డలకు డీట్ వాడకూడదు, వాళ్లకు తెరే రక్ష. సన్‌స్క్రీన్ కూడా రాసుకునేట్టయితే ముందు అది, ఆరాక దీన్ని. చేతులు, కాళ్లు కప్పే వదులు బట్టలు అన్ని క్రీములకంటే చవక.

కుక్కో కోతో గీరింది. చిన్న గీతే. వదిలేయొచ్చా?

వదిలేయకూడదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం, మొదలు కాకముందు టీకా వేయించుకుంటే దాదాపు పూర్తిగా ఆపొచ్చు. వెంటనే కారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని కడగండి, రెండు నిమిషాలకే పదిహేను అయినట్టు అనిపిస్తుంది. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. తిరిగి ఇంటికొచ్చాక చూద్దాం అనుకోవద్దు. ఫొటో కోసం కోతికి తినబెట్టకపోతే ఈ ప్రశ్నే రాదు.

కొండ ప్రాంతాలకు వెళ్తున్నాం. నేను రోజూ పరిగెత్తుతాను, నాకు భయం లేదు కదా?

పరుగుకూ దీనికీ సంబంధం లేదు. ఫిట్‌గా ఉన్నవాళ్లే ఒక్కోసారి ఎక్కువ ఇబ్బంది పడతారు, ఎందుకంటే వాళ్లు వేగంగా ఎక్కేస్తారు. గాలిలో ఆక్సిజన్ వాటా పైన కూడా 21 శాతమే, ఒత్తిడి మాత్రం తగ్గుతూ పోతుంది. 5,500 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదానిలో సగం. సుమారు 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మొదలుకావచ్చు. చేరిన వెంటనే కాదు, కొన్ని గంటల తర్వాత. అందుకే మొదటి సాయంత్రం హుషారుగా తిరిగి అర్ధరాత్రి తల పట్టుకుంటారు.

మూడువేల మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే ఎత్తు నిన్నటి కంటే 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకరోజు అక్కడే ఆగాలి. నేరుగా విమానంలో పైకి దిగితే మొదటి రెండు రోజులూ ఏమీ పెట్టుకోకండి. అసిటజోలమైడ్ మాత్ర ఒంటిని త్వరగా అలవాటు పడనిస్తుంది, డాక్టరును అడిగి ఒకరోజు ముందు మొదలుపెట్టాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. మద్యం, నిద్రమాత్రలు మొదటి రాత్రులు వద్దు.

తలనొప్పి ఉంటే పైకి ఎక్కొద్దు. పెరుగుతుంటే కిందికి దిగాలి. మనిషి తిక్కతిక్కగా మాట్లాడుతున్నా, నేల మీద గీత వెంట మడమకు బొటనవేలు ఆనిస్తూ నడవమంటే తూలుతున్నా, కూర్చుని ఉన్నప్పుడు కూడా ఆయాసపడుతున్నా, రాత్రయినా సరే దించేయండి. పొద్దున చూద్దాం అనుకున్నవాళ్లే ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

ఎండలో ఏ జాగ్రత్తలు?

ఎస్‌పీఎఫ్ 30 గానీ ఆపైన గానీ ఉన్న సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, ఈత కొట్టాక మళ్లీ. చెవులు, మెడ వెనక, పాదాల పైభాగం అందరూ మర్చిపోతారు. వెయ్యి మీటర్లు ఎక్కితే అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు పది శాతం పెరుగుతుంది, మంచు వాటిని కింద నుంచి ముఖం మీదికి తిప్పికొడుతుంది. చలిగా ఉందని ఎండను లెక్కచేయకపోతే చర్మం కమిలిపోతుంది.

వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. సెలవు అంతకంటే ముందే అయిపోతుంది కాబట్టి మధ్యాహ్నాలు నీడలోనే గడపండి. మూత్రం ముదురు రంగులో ఉంటే నీళ్లు చాలడం లేదు. మనిషి అయోమయంగా మాట్లాడుతూ ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీళ్లు పోసి, విసురుతూ ఒంటిని చల్లబరచండి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి.

స్కూబా డైవింగ్ చేసి అదే రోజు విమానం ఎక్కొచ్చా?

ఎక్కకూడదు. ఒక్కసారే మామూలు డైవ్ అయితే కనీసం 12 గంటలు, చాలాసార్లు దిగితే 18 గంటలు ఆగాలి. నీటి అడుగున ఉన్నప్పుడు రక్తంలో కరిగిన నైట్రోజన్, విమానం పైకి వెళ్లాక బుడగలు కడుతుంది. చివరి రోజుకు డైవింగ్ పెట్టుకోకుండా మొదట్లోనే కానిచ్చేయండి.

గర్భంతో ప్రయాణం చేయొచ్చా?

ఇబ్బందులేవీ లేని గర్భమైతే చేయొచ్చు, మధ్య మూడు నెలలు అన్నిటికంటే అనుకూలం. చాలా విమాన సంస్థలు 36 వారాల వరకు, కవలలైతే 32 వారాల వరకు ఎక్కనిస్తాయి. 28 వారాలు దాటితే డాక్టరు లెటర్ అడగొచ్చు. సీటుబెల్టు పొట్ట మీద కాదు, పొట్ట కింద తొడల మీదుగా పెట్టుకోవాలి. మలేరియా, జికా (దోమల వల్ల వచ్చే మరో జబ్బు) ఉన్న చోట్లకు వాయిదా వేయగలిగితే వాయిదా వేయండి.

ఇన్ని చెప్పారు, అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఏది?

రోడ్డు. ప్రయాణికుల ప్రాణాలు తీసేవాటిలో అంటురోగాలకంటే ప్రమాదాలదే పెద్ద వాటా, వాటిలో రోడ్డు ప్రమాదాలు ముందుంటాయి. ఇంటి దగ్గర హెల్మెట్ లేకుండా గేటు దాటని మనిషి సముద్రపు ఒడ్డున అద్దె స్కూటర్ మీద చొక్కా కూడా లేకుండా తిరుగుతాడు. సెలవు మనకే, రోడ్డుకు కాదు. బెల్టు లేని కారు ఎక్కకండి, రాత్రిపూట కొండ దారుల్లో ప్రయాణాలు పెట్టుకోకండి, విమానం దిగిన నిద్రమత్తులో స్టీరింగ్ పట్టుకోకండి. వాహనాలు అలవాటుకు ఎదురువైపు నుంచి వచ్చే దేశంలో రోడ్డు దాటేముందు రెండువైపులా రెండుసార్లు చూడండి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ దండగ కదా?

కాదు, కానీ పాలసీలో రెండు చోట్ల చదవండి: ఇప్పటికే ఉన్న జబ్బులకు వర్తిస్తుందా, అవసరమైతే రోగిని వేరే ఊరికి తరలించే ఖర్చు ఇస్తుందా. ట్రెక్కింగ్, డైవింగ్‌కు విడిగా కట్టాల్సి రావచ్చు. హెల్ప్‌లైన్ నంబరు ఫోనులోనే కాదు, కాగితం మీద కూడా ఉండాలి.

తిరిగొచ్చాక జ్వరం వచ్చింది. అలసట వల్లే అనుకోవచ్చా?

మలేరియా ఉన్న చోటికి వెళ్లొచ్చుంటే అనుకోకూడదు. మలేరియా సాధారణంగా కుట్టిన వారం నుంచి నెలలోపు బయటపడుతుంది, కొన్ని రకాలు నెలల తర్వాత కూడా వస్తాయి. మాత్రలు వాడినా రాదన్న గ్యారంటీ లేదు. జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించుకోండి. డెంగీ అనుమానం ఉంటే పారాసెటమాల్ మాత్రమే, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. డాక్టరు అడగకపోయినా ఎక్కడికి వెళ్లారో, ఏ తేదీల్లో ఉన్నారో, దోమలు కుట్టాయో లేదో, చెరువుల్లో నదుల్లో ఈత కొట్టారో, జంతువులేమైనా కరిచాయో మీరే ముందుగా చెప్పండి.